కరెంటు పెట్టాక... ఆ మాట ఎవరు చెప్పాలి?

మన వైపు రేడియేషన్‌ని ఎవరూ రేడియేషన్ అనరు. "కరెంటు పెడుతున్నారు" అంటారు. "మా అత్తకి ఇరవై అయిదు కరెంట్లు పెట్టారు", "ఇంకా మూడు లోపలి కరెంట్లు ఉన్నాయంట"... విజయవాడలోనో, గుంటూరులోనో ఏ క్యాన్సర్ ఆస్పత్రి వరండాలో కూర్చున్నా ఈ మాటలే వినబడతాయి. అవనిగడ్డ నుంచి వచ్చినావిడా, కైకలూరు నుంచి వచ్చినావిడా, తెనాలి నుంచి వచ్చినావిడా పక్కపక్కనే కూర్చుంటారు. చేతిలో ఫైలు, ఒళ్ళో నీళ్ళ సీసా. (మూత్రసంచి నిండుగా ఉంటే పేగులు కాస్త పక్కకి తొలిగి వాటికి దెబ్బ తక్కువ తగులుతుందట, అందుకని ఆ నీళ్ళు.) ఎన్ని అయ్యాయి, ఎన్ని మిగిలాయి, విరేచనాలు తగ్గాయా, అన్నం సయిస్తోందా... అన్నీ మాట్లాడుకుంటారు. ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ ఏమిటో పెళ్ళయిన ఆడవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంటికి వెళ్ళాక భర్త పక్కన మళ్ళీ ఎప్పుడు పడుకోవచ్చు? పడుకుంటే ఏమవుతుంది? నొప్పి పుడితే ఏం చెయ్యాలి? డాక్టరుగారు చెప్పరు, ఈవిడ అడగదు, ఆయన సంగతి సరేసరి. నేనీ వ్యాసం రాయడానికి కూర్చుంటే మా అత్తగారు "కథలు రాసుకునేదానివి, నీకెందుకే ఇవన్నీ" అన్నారు. కాసేపాగి, "రాయిలే. మా చిన్నక్క పోయేముందు నాలుగేళ్ళు వేరే గదిలోనే పడుకుంది. ఎందుకని ఎవరమూ అడగలేదు" అన్నారు.

గర్భసంచి మూతికి వచ్చే క్యాన్సర్, అదే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, మన దేశంలో 2022 అంచనాల ప్రకారం ఒక్క ఏడాదిలో సుమారు 1 లక్షా 27 వేలమంది ఆడవాళ్ళకి కొత్తగా వచ్చింది. దగ్గరదగ్గర 80 వేలమంది పోయారు. మనవాళ్ళు తెల్లబట్టనీ, మధ్యలో ఎర్రబట్టనీ "వేడి చేసిందిలే" అని తోసేసి, ముదిరాకగానీ ఆస్పత్రి గడప తొక్కరు. అప్పటికి ఆపరేషన్‌తో పోయే దశ దాటిపోతుంది. అందుకే మన దగ్గర ఈ జబ్బుకి ఎక్కువమంది చేయించుకునేది రేడియేషనే. బయటనుంచి అయిదు వారాలపాటు, వారానికి అయిదు రోజుల చొప్పున, దాంతోపాటు వారానికోసారి మందు ఎక్కించడం, ఆపైన లోపలి కరెంటు మూడు నాలుగుసార్లు. మామూలుగా ఇదీ వరస. గర్భసంచి లోపలి పొరకో, మలద్వారం పైభాగానికో క్యాన్సర్ వచ్చినవాళ్ళలోనూ చాలామందికి పొత్తికడుపు మీద రేడియేషన్ ఇస్తారు.

మద్రాసులో అడయారు క్యాన్సర్ ఆస్పత్రి 1954లో, హైదరాబాదులో ఎమ్.ఎన్.జె. ఆస్పత్రి 1955లో మొదలయ్యాయి. చాలాకాలం మన కృష్ణా, గుంటూరు జిల్లాలవాళ్ళు ఆ రెండింటికో, వేలూరుకో రైలెక్కి వెళ్ళేవాళ్ళు. ఎన్.టి. రామారావుగారి సతీమణి, మన జిల్లా కొమరవోలు ఆడపడుచు బసవతారకంగారు 1985లో క్యాన్సర్‌తోనే పోయారు. ఆవిడ పేరిట హైదరాబాదులో ఆస్పత్రి తెరిచింది 2000లో. ఇప్పుడు ఆ దూరాలు తగ్గాయి. విజయవాడ చుట్టుపక్కలే రేడియేషన్ మిషన్లు ఉన్నాయి, గుంటూరు పెద్దాస్పత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రం ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో తెల్లకార్డువాళ్ళకి ఈ వైద్యం అందుతోంది. అంటే బతికి ఇల్లు చేరేవాళ్ళు పెరుగుతున్నారు. బతికొచ్చినావిడకి సంసారం ఉంటుందన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టినట్టు లేదు.

దొండకాయలు తరుగుతూ...

మా పెద్దమ్మ కూతురిది మోపిదేవి దగ్గర పల్లెటూరు. నాకంటే ఏడేళ్ళు పెద్ద. ఆమెకి ఈ జబ్బు అని తేలాక రోజూ బస్సులో రాలేదని మా ఇంట్లోనే పెట్టుకున్నాం. దాదాపు రెండు నెలలు. పొద్దున్నే ఆటోలో తీసుకెళ్ళి తీసుకురావడం నా డ్యూటీ. అక్క గట్టి మనిషి. వాంతులవుతున్నా "మీ ఇంట్లో చింతకాయపచ్చడి బావుందే" అని నవ్వించేది. అన్నీ అయ్యాక డిశ్చార్జి కాగితం ఇచ్చారు. ఆ ఆస్పత్రి పేరు ఇక్కడ అనవసరం. కారం తగ్గించండి, నీళ్ళు ఎక్కువ తాగండి, బరువులెత్తకండి, మూడు నెలలకి రండి. అంతే. బావ గురించిగానీ, బావ పక్కన పడుకోవడం గురించిగానీ ఒక్క ముక్క లేదు.

మూడు నెలలకి పరీక్షకి వచ్చింది. సాయంత్రం ఇద్దరం దొండకాయలు తరుగుతున్నాం. తల ఎత్తకుండా అంది. "మీ బావ సావిట్లో పడుకుంటన్నాడే. కరెంటు పెట్టిన ఒళ్ళు కదా, ఏమన్నా అవుద్దేమోనని ఆయన భయం. ఒకసారి దగ్గరికొచ్చాడు. కత్తి పెట్టి కోసినట్టయింది. రక్తం కూడా కనపడింది. అప్పట్నుంచి మళ్ళీ రాలా. నేనూ పిలవలా."

బావని రాక్షసుడు అనుకోకండి. ముప్ఫై ఏళ్ళ కాపురంలో గట్టిగా ఒక మాట అని ఎరగడు. ఆమె ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ చేలో నాట్లు వదిలేసి వారానికి రెండుసార్లు వచ్చి బెంచీ మీద కూర్చుని వెళ్ళేవాడు. ఆయనకి తెలియదు. ఆమెకి తెలియదు. నాకూ అంతకుముందు తెలియదు. బావా మరదళ్ళ వరస సరసాలాడుకోడానికి చనువిచ్చింది గానీ, ఈ మాట మాట్లాడుకోడానికి ఏ వరసా చనువివ్వలేదు. పోనీ మీరు కదిలించండి అంటే మావారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

మర్నాడు ఆస్పత్రిలో డాక్టరమ్మగారు లోపల పరీక్ష చేయబోతే పరికరం వెళ్ళనే లేదు. అక్క కేక బయటికి వినబడింది. అప్పుడు అక్కడున్న సీనియర్ సిస్టర్ ఒకావిడ మమ్మల్నిద్దర్నీ పక్కగదిలోకి తీసుకెళ్ళి తలుపేసి కూర్చోబెట్టింది. కేరళ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. ఆవిడ తెలుగు యాసగా ఉన్నా, మనం నలభై ఏళ్ళుగా నమిలి మింగేసే మాటలన్నీ శుభ్రంగా పలికింది. ఆవిడ చెప్పినవీ, ఆ తర్వాత నేను చదివి, డాక్టర్లని అడిగి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

లోపల ఏం జరుగుతుంది?

రేడియేషన్ క్యాన్సర్ కణాల్ని చంపుతుంది. ఆ దారిలో ఉన్న మంచి చర్మాన్నీ కాల్చి వదులుతుంది. యోని లోపలి గోడలు పల్చని పొరతో, మడతలు మడతలుగా, అవసరమైతే సాగేట్టు ఉంటాయి. రేడియేషన్ తర్వాత ఆ పొర పుండై, మానేటప్పుడు ఆ గోడా ఈ గోడా అంటుకుపోవచ్చు. గోడలకి రక్తం అందించే సన్నని నాళాలు దెబ్బతింటాయి. నెలలు గడిచేకొద్దీ సాగే గుణం పోయి, దారి ఇరుకై, పొట్టిదై, గట్టిపడుతుంది. తడి ఊరదు. కాలిన చెయ్యి మానాక చర్మం ముడుచుకుపోయి వేళ్ళు చాపలేకపోవడం చూసే ఉంటారు. సిస్టర్ చెప్పిన పోలిక అదే. చేతిని రోజూ చాపిస్తారు కదా, ఇదీ అంతేనమ్మా అంది.

అందరికీ ఒకేలా అవదు. ఎంత డోసు, ఏ భాగానికి, వయసెంత అన్నదాన్ని బట్టి ఉంటుంది. కొందరికి కాస్త పొడిబారడంతో సరిపోతుంది. కొందరికి అక్కలాగా వేలు కూడా వెళ్ళనంతగా మూసుకుపోతుంది. తేడాలో కొంత మొదటి కొన్ని నెలల్లో పట్టించుకోవడంలోనూ ఉంది. ఆ నెలల్లోనే మనవాళ్ళు "పచ్చి ఒళ్ళు, కదలకూడదు" అని కూర్చుంటారు.

దీనికి వాడేది డైలేటర్ అనే నున్నని గొట్టం. బొటనవేలంత లావు నుంచి మొదలై సైజుల వారీగా సెట్టుగా వస్తుంది. రేడియేషన్ పూర్తయ్యాక రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య, లోపలి పుండు తగ్గిందని డాక్టరు చూసి చెప్పాక మొదలుపెట్టాలి. తలుపు గడియ వేసుకుని, వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, గొట్టానికి జెల్లీ రాసుకుని, ఊపిరి వదులుతూ మెల్లిగా లోపలికి. బలవంతం పనికిరాదు. ఎంతవరకు వెళితే అంతవరకే. అయిదు పది నిమిషాలు ఉంచి తీసేసి, సబ్బుతో కడిగి ఆరబెట్టుకోవాలి. వారానికి రెండు మూడుసార్లు. ఎన్నాళ్ళంటే నెలలు కాదు, చాలామందికి ఏళ్ళే. బోదెలో పూడిక ఎప్పటికప్పుడు తీసుకుంటేనే కదా నీళ్ళు పారేది. డెల్టావాళ్ళం, మనకి ఇది వేరే చెప్పాలా!

గొట్టం కొనలేకపోతే? గోళ్ళు కత్తిరించుకుని, శుభ్రంగా కడుక్కున్న తన వేలే చాలు. మొదట ఒకటి, తర్వాత రెండు. ఇది సిస్టర్ చెబితే అక్క మొహం కందగడ్డ అయిపోయింది. "ఛీ, అక్కడ చెయ్యి పెట్టుకోడమేంటమ్మా" అంది. దానికి సిస్టర్, "ఇరవై అయిదుసార్లు మిషన్ చూసింది, నలుగురు డాక్టర్లు చూశారు, నీ ఒళ్ళు నువ్వు చూసుకుంటే తప్పా?" అంది. నాకు ఆ మాట చాలా నచ్చింది.

గులాబీరంగులో కాస్త మరక కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. ఎక్కువ రక్తం పోయినా, జ్వరం వచ్చినా, దుర్వాసనతో స్రావం పెరిగినా, నొప్పి తగ్గకపోయినా ఆపేసి వెంటనే డాక్టరుకి చూపించుకోవాలి. ఒక్క సంగతి నిజాయితీగా చెప్పాలి. ఈ డైలేటర్ల మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2010లో, మళ్ళీ 2014లో వచ్చింది. రేడియేషన్ నడుస్తున్న రోజుల్లో వీటిని వాడటం మంచిదనడానికి గట్టి ఆధారం లేదనీ, హాని కూడా జరగవచ్చనీ అందులో ఉంది. పుండు మానాక వాడినవాళ్ళలో మాత్రం దారి మూసుకుపోవడం తక్కువగా కనిపించింది. కనుక పక్కింటావిడ చెప్పిందనో, నేను రాశాననో సొంతంగా మొదలుపెట్టకండి. మీ డాక్టరు చూసి సరేనన్నాకే.

జెల్లీ గురించి కూడా ఒక మాట. మందుల షాపులో లూబ్రికెంట్ జెల్లీ అని అడిగితే ఇస్తారు. నీళ్ళలో కరిగే రకం అయితే మంచిది. కొబ్బరినూనె, వ్యాజలైన్ రాసుకుంటే నిరోధ్ చిరుగుతుంది, గుర్తుంచుకోండి. ఇవి కలిసేటప్పుడు జారుడు కోసం. ఎప్పుడూ పొడిబారి మండుతుంటే తడి నిలిపే మాయిశ్చరైజర్లు వేరే ఉన్నాయి, వాటిని వారానికి రెండు మూడుసార్లు వాడతారు. ఈస్ట్రోజెన్ క్రీము కొందరికి బాగా పనిచేస్తుంది. కానీ క్యాన్సర్ రకాన్ని బట్టి కొందరికి పనికిరాదు. ఇది తప్పకుండా క్యాన్సర్ డాక్టరునే అడగాలి, షాపతన్ని కాదు.

బావ భయం

సిస్టర్ మర్నాడు బావని రమ్మంది. ఆయన వచ్చాడు, తువ్వాలు నలుపుకుంటూ. నేను బయటే ఉండిపోయాను. లోపల డాక్టరుగారు ఏం చెప్పారో అక్క తర్వాత చెప్పింది. ఆయన అడిగినవి మూడే ప్రశ్నలట. ఈ జబ్బు నాకు అంటుద్దా? ఆమె ఒంట్లో ఉన్న కరెంటు నాకు తగులుద్దా? నా మూలంగా జబ్బు తిరగబెడుద్దా? మూడింటికీ జవాబు ఒకటే. లేదు.

క్యాన్సర్ అంటుకోదు. ఈ జబ్బుకి మూలమైన పాపిల్లోమా వైరస్ పెళ్ళయినవాళ్ళలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు తగిలి పోయేదే. అది వాళ్ళ గుణాల మీద తీర్పు కాదు, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందని తగాదా పడటంలో అర్థం లేదు. దగ్గరవడం వల్ల క్యాన్సర్ తిరగబెట్టదు.

ఇక ఒంట్లో కరెంటు సంగతి. ఈ భయానికి ఒక పాత కారణం ఉంది. వెనకటి రోజుల్లో లోపలి రేడియేషన్‌కి రేడియం, ఆ తర్వాత సీసియం వాడేవారు. ఆ గొట్టాలు రెండు మూడు రోజులు ఒంట్లోనే ఉంచేవారు. మనిషిని విడిగదిలో పెట్టి, చూడటానికి వచ్చినవాళ్ళని దూరంగా నిలబెట్టేవారు. మన పెద్దవాళ్ళు చూసింది అది. ఆ గదే ఇప్పటికీ వాళ్ళ మనసుల్లో ఉండిపోయింది. నిజానికి అప్పుడైనా గొట్టం తీసేస్తే ఒంట్లో ఏమీ మిగిలేది కాదు. ఇప్పుడైతే ఇరిడియమో, కోబాల్టో, బియ్యపుగింజంత ముక్క తీగ చివర లోపలికెళ్ళి కొద్ది నిమిషాల్లో తిరిగి మిషన్‌లోకి వెళ్ళిపోతుంది. ఈ లోపలి రేడియేషన్ విద్యలో అమెరికాలో పెద్దపేరు తెచ్చుకున్న డాక్టరు నోరి దత్తాత్రేయుడుగారు మన కృష్ణాజిల్లా మంటాడలో పుట్టినవారే. బయటి రేడియేషనూ అంతే, మిషన్ ఆపగానే ఆగిపోతుంది. కరెంటు పెట్టించుకుని వచ్చినావిడ పిల్లల్ని ఎత్తుకోవచ్చు, వంట చెయ్యొచ్చు, భర్త పక్కన పడుకోవచ్చు. విడి కంచం, విడి గ్లాసు పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. చదువుకున్న ఇళ్ళే.

రేడియేషన్ అయ్యాక సుమారు నెల, నెలన్నరకి పరీక్ష చేసి, పుండు మానిందంటే కలవవచ్చని డాక్టర్లు చెబుతారు. రేడియేషన్, మందులు నడుస్తున్నన్నాళ్ళు గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. తర్వాత కూడా తొందరపడే పని కాదు. మొదట పక్కన పడుకుని చెయ్యి పట్టుకోవడం. తర్వాత మిగతావి. ఎంత లోతు, ఎంత వేగం అన్నది ఆమె చేతిలో ఉండేట్టు, ఆమె పైన ఉండటమో, ఇద్దరూ పక్కకి తిరిగి పడుకోవడమో నొప్పి తగ్గిస్తుంది. నొప్పి పుడితే "ఆగు" అనాలి. పళ్ళు బిగబట్టుకుని ఓర్చుకుంటే ఒళ్ళు ఆ నొప్పిని గుర్తుపెట్టుకుని మరుసటిసారి ముందే బిగుసుకుంటుంది. ఓర్పుకి ఇక్కడ మార్కులు లేవు.

ఇవన్నీ రాయడం తేలికే. మన ఇళ్ళల్లో తలుపున్న గది ఎక్కడ? అక్క ఇంట్లో ఒకటే గది, సావిడి, వంటిల్లు. అత్తగారు గుమ్మంలోనే మంచం వేసుకుంటుంది. డైలేటర్ కడిగి ఎక్కడ ఆరేస్తుంది? మనవడు "నానమ్మా, ఇదేంటి" అంటే? అక్క దాన్ని పాత పౌడరు డబ్బాలో పెట్టి, బీరువాలో పట్టుచీరల కింద దాచింది. మధ్యాహ్నం అత్తగారు పక్కింటికి సీరియల్ చూడ్డానికి వెళ్ళే అరగంటే ఆమె టైము.

మొగుడు లేనిదాన్ని, నాకెందుకు?

ఆ వరండాలోనే గుడివాడ వైపునుంచి వచ్చిన ఒకావిడ, యాభై అయిదు దాటి ఉంటాయి, సిస్టర్ ఇచ్చిన గొట్టాన్ని బల్లమీద పెట్టేసింది. "ఆయన పోయి పదేళ్ళయింది, నాకెందుకమ్మా ఇవన్నీ" అని. న్యాయంగానే ఉంది కదూ? సిస్టర్ కోప్పడలేదు. దారి మూసుకుపోతే డాక్టరు లోపలికి చూడలేదనీ, జబ్బు తిరగబెట్టినా కనిపెట్టలేమనీ చెప్పింది. మొదటి రెండేళ్ళు మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి పరీక్ష చేసేది అందుకేగా. ఆవిడ గొట్టం తీసి సంచిలో వేసుకుంది.

నాకు ఈ విషయంలో ఒక అభిప్రాయం స్థిరపడింది. "లేకపోతే మొగుడు చేయిదాటిపోతాడు" అని భయపెట్టి ఆడవాళ్ళ చేత ఇది చేయించకూడదు. అలా వదిలేసి వెళ్ళిన మగాళ్ళ కథలు ఆ వరండాలో నేనూ విన్నాను. వెళ్ళేవాడు ఈ గొట్టం వాడితే ఆగుతాడా? ఇది ఆమె ఒళ్ళు. ఆమెకి పరీక్షలో నొప్పి తగ్గడానికి, ఆమెకి కోరిక ఉంటే తీరడానికి. మన దగ్గర ఆడదానికి నలభై దాటితే కోరిక ఉందంటేనే నవ్వుతారు. అసలే మన రాష్ట్రంలో గర్భసంచి తీయించుకోవడం ఎక్కువ. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళలోపు ఆడవాళ్ళలో నూటికి సుమారు తొమ్మిదిమంది తీయించుకున్నట్టు తేలింది, దేశంలో మనదే ముందు వరస. "సంచి తీశారు, ఇంక ఆ గొడవ వదిలింది" అని చుట్టుపక్కలవాళ్ళే తేల్చేస్తారు. ఆమెను అడిగేదెవరు?

అలాగే వద్దనుకునే హక్కూ ఆమెదే. అలసట, నీరసం, అక్కడి వెంట్రుకలు రాలిపోవడం, మూత్రం ఆపుకోలేకపోవడం... వీటితో "నేనింక ఆడదాన్నా" అని కుంగిపోయేవాళ్ళు ఉన్నారు. కోరిక రావడానికి ఏడాది పట్టవచ్చు, రాకపోనూవచ్చు. "నయమైపోయిందిగా" అని బలవంతం చేసే భర్తకి డాక్టరు చేతనే చెప్పించాలి.

పాతికా ముప్ఫై ఏళ్ళ పిల్లల కష్టం ఇంకోరకం. పొత్తికడుపు మీద రేడియేషన్ పడితే అండాశయాలు పనిచేయడం మానేస్తాయి. ముట్టు ఆగిపోయి, ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం... అమ్మకి రావాల్సినవి కూతురికి ముందే వచ్చేస్తాయి. రేడియేషన్ పడిన గర్భసంచి బిడ్డని మొయ్యడం కష్టం. కొందరికి ముందే అండాశయాల్ని రేడియేషన్ పడని చోటికి పైకి జరిపి కుట్టే వీలుంది. అండాలు దాచుకునే వీలూ ఉంది. ఇవన్నీ మొదటి కరెంటు పెట్టకముందు మాట్లాడుకోవాల్సినవి. తర్వాత తెలిస్తే ఏడుపే మిగులుతుంది. హార్మోను మాత్రలు కూడా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో చాలామందికి ఇవ్వవచ్చట. అన్నిరకాలకీ కాదు. కనుక అడగాలి.

అడగాలి సరే... ఎలా?

అక్కకి ఆరు నెలలు పట్టింది. అంటుకుపోయిన చోట డాక్టరమ్మగారే మెల్లిగా విడదీసి, చిన్న సైజు గొట్టంతో మొదలుపెట్టించారు. మధ్యలో రెండుసార్లు విసిగి మానేసింది. మునుపటిలా అయిందని చెప్పను, అవలేదు కూడా. పరీక్షకి ఇప్పుడు కేక పెట్టడం లేదు. మొన్న ఫోన్లో "మీ బావ మంచం లోపలికొచ్చిందే" అంది. అంతకుమించి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ సిస్టర్ ఆరోజు సెలవులో ఉండుంటే ఏమయ్యేదా అనిపిస్తుంది. ఒక మనిషి దయ మీద నడవాల్సిన విషయం కాదిది. కోట్ల రూపాయల మిషన్ పెట్టినచోట డిశ్చార్జి కాగితం మీద తెలుగులో నాలుగు లైన్లు అచ్చు వేయించడానికి ఎంతవుతుంది? కడుపు మీద గీతలు గీసే రోజునే భార్యాభర్తలిద్దర్నీ పది నిమిషాలు కూర్చోబెట్టి చెబితే బావలాంటివాళ్ళు నెలల తరబడి సావిట్లో పడుకోనక్కర్లేదు. ఆడ డాక్టరో, నర్సో చెబితే మనవాళ్ళు వింటారు. మొగుళ్ళకి మగ డాక్టరు చెబితే ఇంకా మంచిది.

అంతవరకూ మనమే అడగాలి. నోరు రాకపోతే కాగితం మీద రాయండి. మీ అమ్మకో, అక్కకో, వదినకో మీరే రాసిపెట్టండి. ఫైల్లో పైన కనబడేట్టు పెడితే డాక్టరుగారే చదువుకుంటారు. గుడివాడావిడ తర్వాత వచ్చినప్పుడు నా చేత రాయించుకున్నది ఇదీ:

"అమ్మా, నాకు రేడియేషన్ అయ్యింది. లోపల అంటుకుపోకుండా నేను ఏం చెయ్యాలి? గొట్టం ఏ రోజునుంచి వాడాలి, ఏ సైజు? మంటకి ఏ జెల్లీ రాసుకోవాలి? ఎంత రక్తం కనబడితే మీ దగ్గరికి రావాలి?"

అది మడిచి ఇవ్వబోతుంటే, పక్కన కూర్చున్న చిన్నమ్మాయి, మెళ్ళో పసుపుతాడు ఇంకా కొత్తగా ఉంది, మా ఇద్దరి వంకా చూసి నెమ్మదిగా అంది. "ఆంటీ, నాక్కూడా ఒకటి రాసివ్వరా? మావారు ఎప్పుడు రావచ్చో, అదికూడా రాయండి."